నీడను పూయుట అసత్యమా?

బొటనవ్రేలి పై కణుపును మించని సైనికుని బొమ్మ యొకటి, ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ నగరమున గేమ్స్ వర్క్‌షాప్ వారు యుద్ధక్రీడల కొఱకు రూపొందించునట్టిది, సుమారు 28 మిల్లీమీటర్ల యెత్తున నా బల్లమీద నిలిచియున్నది. దాని ఉత్తరీయపు ముడుతలును, కవచపు అతుకులును, కనుగుంటలును మూసలోనే శ్రద్ధగా తీర్పబడియున్నను, రంగులు మాత్రము పూసి మూరెడు దూరమునుండి చూచినచో అవి యన్నియు కలసిపోయి ముద్దవలె కనుపట్టును. ఏలయన అర మిల్లీమీటరు లోతు గల గుంటలో గదిదీపము వేయు నీడ కంటికి ఆననంత సన్ననిది. అందుచేత చిత్రకారుడు ఆ నీడను తానే కుంచెతో పూయును. ప్రకృతి చూపని నీడను మనుష్యుడు చూపుట సత్యమునకు ద్రోహమగునా యనునది నన్ను చిరకాలముగా వదలని ప్రశ్న.

హెచ్.జి. వెల్స్ 1913లో ‘లిటిల్ వార్స్’ వెలువరించి ఇంటినేలపై ఆడు యుద్ధమునకు నియమములు కూర్చిన నాటి బ్రిటన్స్ కంపెనీ బొమ్మసైనికులకు నీడలు లేవు. మెఱయు రంగు మాత్రమే యుండెను. తాము ఆటబొమ్మలమని అవి దాచుకొనలేదు గనుక నిజాయితీ వానియందే కలదని వాదింపవచ్చును. ఈ వాదమును తేలికగా త్రోసివేయజాలను. మన శాస్త్రములందును ఈ విషయమున రెండు స్వరములు వినబడును. విష్ణుధర్మోత్తరములోని చిత్రసూత్రము నీడదిద్దుటను వర్తన యను పేర పత్రజ, ఐరిక, బిందుజములని మూడు విధములుగా విభజించి, నిమ్నోన్నతములను వేఱుపఱచి చూపగలవానినే చిత్రవేత్తగా గౌరవించినది. మహాయానసూత్రాలంకారమో, చదునైన చిత్రమున లేని ఎత్తుపల్లములు కానవచ్చుటను భ్రాంతికే దృష్టాంతముగా గైకొన్నది.

నాణెమువలె పలుచనైన న్యూరెంబర్గు తగరపు బొమ్మలకు ఈ దృష్టాంతము చక్కగా చెల్లును; అచట లేని గుండ్రనితనమును రంగే కల్పించును. నా సైనికుని సంగతి వేఱు. ఇచట గుంట యున్నది, కనబడుట లేదు.

మూలరంగు ఆఱిన పిదప, నీరువలె పలుచనైన ముదురురంగును, వాష్ అని వ్యవహరింపబడుదానిని, బొమ్మయంతట పాఱించుదురు. అది తనంతట తానే పల్లములకు దిగి అచట నిలుచును. నీడ యెచట నుండవలయునో నిర్ణయించునది చిత్రకారునికంటె బొమ్మయే. ఆ ద్రవము మిట్టలను సైతము కొంత మలినపఱచును గనుక, ఆఱిన వెనుక మూలరంగును మరల మిట్టలపై దిద్ది, అంచులకు మఱింత లేతరంగును తాకింతురు. అద్వైతాచార్యులు అధ్యారోపాపవాదమని చెప్పిన, ముందు ఆరోపించి పిదప కాదను బోధనాక్రమము నాకిచట స్ఫురించును. నూతన దంపతులకు అరుంధతిని చూపువాడు ముందు ప్రక్కనున్న పెద్ద నక్షత్రమునే అరుంధతి యని చూపి, చూపు కుదిరిన తర్వాత దానిని కాదని సన్నని చుక్కవైపు మరల్చును గదా. కుంచెపనియందు అపవాదము మిట్టలవఱకే. పల్లపు చీకటి ఉండిపోవును. అయినను, భ్రాంతికి వేదాంతులు చెప్పు ఉదాహరణమున, త్రాటిపై తోచిన పాము త్రాటిని కప్పివేయును. ఈ నీడ త్రాటి పురులలో దిగిన మసివలె పురులనే చూపును. కావున దీనిని భ్రాంతి యనుటకు నా మనస్సొప్పదు.

విద్యారణ్యస్వామి పంచదశిలోని చిత్రదీప ప్రకరణమున వస్త్రమునకు ధౌత (తెల్లనిది), ఘట్టిత (గంజి పెట్టినది), లాంఛిత (రేఖలు గీసినది), రంజితము (రంగులు నింపినది) అను నాలుగవస్థలు చెప్పి పరమాత్మకు అన్వయించిరి. ఈ బొమ్మకు ఆ పిదప నింకొకటి కలదు, వార్నీషు. ఆటలో వ్రేళ్ల రాపిడికి రంగు పోకుండుటకై వేయు ఈ తుదిపూత మెఱయరాదు. మెఱసినయెడల గదిలోని నిజమైన దీపము తనకు వీలైన చోటనెల్ల తళుక్కుమని, చిత్రించిన వెలుగుతో కలహించును. అందుకే మెఱుపులేని మ్యాట్ వార్నీషు. నిజమైన వెలుగును అణచినగాని పూసిన వెలుగు నిలువదు. ఇచట మాత్రము చిత్రకారుని పూర్తిగా సమర్థింపజాలను. గుంటను గూర్చి ఆ నీడ చెప్పునది నిజము. వెలుగు ఎల్లప్పుడు పైనుండియే వచ్చునని అది చెప్పుట అబద్ధము. సందేహమున్న పాఠకులు ఇట్టి బొమ్మ నొకదానిని సంపాదించి, దీపమును దాని పాదముల క్రిందుగా పట్టి చూతురుగాక: ముఖమునకు క్రిందినుండి వెలుగు సోకినను, గడ్డము క్రింద పూసిన చీకటి కదలక అచ్చటనే యుండును.