పరిశోధన యెవరి కొరకు?

వైద్యనీతిని గూర్చి మాటలాడువారు సాధారణముగా పరిశోధన యెట్లు జరుగవలయునో విచారింతురు. రోగి సమ్మతిని గైకొనిరా? అపాయమును ముందుగా దెలిపిరా? ఇవి ముఖ్యప్రశ్నలే. కాని వీనికి ముందొక ప్రశ్న కలదు. దేశమునందలి వ్యాధులలో దేనిని మొదట పరిశోధింపవలెను? దానిని నిర్ణయించువా రెవరు? ఇది ధనవ్యయమునకు సంబంధించిన లెక్క యని పలువురు తలంతురు. ఇది ధర్మవిచారమే యని మా మనవి.

కోనసీమను జూడుడు. గౌతమీ వసిష్ఠల నడుమనున్న యీ నేలను 1852లో పూర్తియైన ధవళేశ్వరపు ఆనకట్ట సస్యశ్యామలము చేసినది. నీరు పారుచోట పంట పండును. నీరు నిలిచి మురిగినచోట దోమ పెరుగును. ఆ దోమకాటు వలననే బోదకాలు వ్యాపించును. అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతముల జనులు తరతరములుగా దీనిని పూర్వజన్మకర్మ మని సరిపెట్టుకొని యోర్చుకొనిరి.

దీనికి మందు కనిపెట్టిన పరిశోధకుల నాయకుడు, వసిష్ఠ కావలనున్న భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో 1947 నాటికి డైఇథైల్ కార్బమజీన్ అను నౌషధము సిద్ధమైనది. అయితే రెండవ ప్రపంచయుద్ధకాలమున పసిఫిక్ దీవులలో అమెరికా సైనికులకు ఈ వ్యాధి సోకుట చేతనే ఆ యన్వేషణకు త్వర కలిగినది. సుబ్బారావుగారి ఘనత యిందువలన తగ్గదు. కాని మన పల్లెల వాచిన కాళ్లు కలిగింపజాలని త్వరను సైనికుల కాళ్లు కలిగించెను గదా!

ఇక 2009లో ఖమ్మము జిల్లాలో జరిగినదానిని జూడుడు. గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరును నివారించు టీకాను పది మొదలు పదునాలుగేండ్ల బాలికలకు పరిశీలనార్థము వేసిరి. వసతిగృహములలోని పెక్కుమంది బాలికలకు తల్లిదండ్రులకు బదులు వార్డెనులే సమ్మతిపత్రములపై సంతకము చేసిరి. కొందరు బాలికలు మరణించిరి. ఆ మరణములకు టీకాతో సంబంధము లేకపోవచ్చునని విచారణసంఘము తలచినది. 2010 ఏప్రిలులో కార్యక్రమము నిలిచిపోయెను. 2013లో పార్లమెంటు స్థాయీసంఘము దానిని తీవ్రముగా విమర్శించెను. ఆ వ్యాధి ఘోరమైనదే, టీకా యుపకారకమే కావచ్చును. కాని కడపట సంతకమైన నడుగని తల్లిదండ్రులను, "మీ పిల్లలను బాధించు వ్యాధి యేది?" యని మొదట నడుగుదురా?

"పామరులకు శాస్త్రము తెలియదు, ప్రాధాన్యనిర్ణయమును పండితులకే విడువుడు" అని కొంద రందురు. ఔషధమును జేయు విధము పండితునికే తెలియును, నిజమే. వాచిన కాలితో మడిలో దిగి నాట్లు వేయుట యెట్టిదో కూలికే తెలియును. 2004 నుండి దేశమున మాత్రలను సామూహికముగా పంచిరి. అవి నెత్తురులోని సూక్ష్మక్రిములను జంపును. ముదిరిన వాపును మాత్రము తీసివేయజాలవు. వ్యాప్తి నరికట్టుట ప్రభుత్వమునకు మొదటి ప్రశ్న. తన కాలి వాపు తగ్గుట, మాటిమాటికి వచ్చు జ్వరము మానుట, కూలి పోకుండుట రోగికి మొదటి ప్రశ్నలు. రెండును న్యాయమైనవే, రెండవదానిని వినిపించువారే లేరు.

భారత వైద్య పరిశోధనా మండలి 1980, 2000, 2006, 2017 సంవత్సరములలో నీతినియమములను ప్రకటించినది. పరిశోధన చేయు తీరును అవి చక్కగా బోధించును. ప్రశ్నను ఎన్నుకొను సభలోను రోగికి, వానికి సేవచేయు నర్సుకు, పల్లె ఆశా కార్యకర్తకు పీట వేయవలెను. ఏ వ్యాధిని ముందుంచిరో, దేనిని వెనుకకు నెట్టిరో, యేల నెట్టిరో తెలుగులో ప్రకటింపవలెను. తన వంతు ఏల రాలేదో తెలిసికొను హక్కు వేచియున్నవానికి గలదు.