మేఘమును కొలుచు కన్ను

బనగానపల్లె చెంత రవ్వలకొండ గుహలో వీరబ్రహ్మేంద్రస్వామి కాలజ్ఞానమును రచించెనని జనశ్రుతి. సమీపమున శిలామూర్తియైన యాగంటి బసవన్న నానాటికి పెరుగుచున్నాడని ఈ సీమవారి విశ్వాసము. ఒక్క జీవితకాలమున కానరాని మార్పును మానవుడెట్లు ఎరుగగలడు? ఈ ప్రాచీనప్రశ్నయే నేడు మేఘముల విషయమున మరల ఉదయించుచున్నది.

భూమిపై పడు సూర్యకాంతిలో సుమారు 30 శాతము అంతరిక్షమునకే మరలిపోవుచున్నది. అందు దాదాపు సగము మేఘముల ధవళిమ వలననే. ఆ ధవళిమ రవంత తగ్గినను పుడమి గ్రహించు ఎండ హెచ్చును. కావుననే 2000 నుండి టెర్రా ఉపగ్రహము మరలిపోవు ఆ కాంతిని లెక్కించుచు వచ్చినది. 2011 అక్టోబరు 12న మన శ్రీహరికోట నుండి ఎగసిన మేఘా ట్రోపిక్స్ సైతము ఉష్ణమండలమున ఆ కార్యమునే నిర్వహించినది.

అయితే దశాబ్దములకు గాని పొడసూపని ఆ స్వల్పభేదమును పట్టుకొనులోపల, కొలుచు సాధనమే తీవ్రకిరణములకు మసకబారవచ్చును. మారినది మేఘమా, చూచు కన్నా? ఈ సంశయనివృత్తికై శాస్త్రజ్ఞులు, గాలివానలెరుగని చంద్రబింబమును ప్రమాణముగా గైకొని, కొన్ని ఉపగ్రహముల దృష్టిని దానివైపు మరల్చి దోషమును సవరించుకొందురు.

చలించుదానిని తెలియుటకు చలింపని సాక్షి కావలెనని మన వేదాంతులు బోధించిరి. చంద్రుడును శాశ్వతుడు కాడు. అయినను మన కొలతకు అతని నిలుకడ చాలును. తన చూపునే మొదట పరీక్షించుకొను ఈ వినయము సత్యాన్వేషణకు తొలిమెట్టు. అదియే నిజమైన కాలజ్ఞానమని నా దృఢవిశ్వాసము. ఒక్క మబ్బుతునుక కొరకై ఆకాశమును నిరీక్షించు ఈ మెట్టసీమ కర్షకుని ఓర్పున ఆ శాస్త్రజ్ఞుల తపస్సే నాకు గోచరించుచున్నది.