బండ మీద బాణీ: పెట్రా సంగీతం, పవిత్రత ప్రశ్న

పెట్రా అమెరికాకు చెందిన క్రైస్తవ రాక్ బృందం. 1972లో ఇండియానా రాష్ట్రంలోని ఫోర్ట్ వేన్‌లో మొదలై, 2005లో వీడ్కోలు చెప్పేదాకా పాడుతూనే ఉంది. గ్రీకు భాషలో పెట్రా అంటే బండ. మత్తయి సువార్త 16వ అధ్యాయంలో యేసు తన సంఘాన్ని దేని మీద కడతాడో పేతురుకు చెప్పినప్పుడు వచ్చే మాట అది. ఇంగ్లీషులో బండనూ, గిటార్ల, డ్రమ్ముల హోరుతో సాగే సంగీతాన్నీ రాక్ అనే ఒక్క మాటతోనే పిలుస్తారు. అందుకే ఆ పేరు బృందానికి రెండు విధాలా అతికింది. ఆ రెండు అర్థాలూ ఒకచోట ఇముడుతాయా, లోకం మధ్య పుట్టిన బాణీ దేవుని స్తుతికి పనికొస్తుందా అన్న ప్రశ్న మాత్రం బృందాన్ని చాలాకాలం వెంటాడింది.

ఈ ప్రశ్న రాక్‌తో పుట్టింది కాదు. జర్మన్ స్వరకర్త హాన్స్ లియో హాస్లర్ 1601లో ప్రచురించిన ఒక ప్రేమగీతం బాణీ, కొన్నాళ్లకే చర్చి పాటల్లో చేరింది. తర్వాత అదే బాణీ క్రీస్తు సిలువ శ్రమలను తలచుకునే కీర్తనకు స్థిరపడింది. స్వరకర్త బాఖ్ క్రీస్తు శ్రమలను పాడే తన రచన మత్తయి ప్యాషన్‌లో దాన్ని పదే పదే వాడాడు. ఈనాడు శుభశుక్రవారం నాడు ఆ కీర్తన పాడే విశ్వాసుల్లో ఎక్కువమందికి అది ఒకప్పటి ప్రేమపాట అని తెలియనే తెలియదు. అయితే రాక్ విషయంలో అంత కాలదూరం లేదు. 1950లలో పుట్టిన ఆ సంగీతానికి నృత్యం, తిరుగుబాటు, ఆ తర్వాత మత్తుమందులు తోడయ్యాయి. ఆ వాసన ఇంకా ఆరకముందే దాన్ని మందిరంలోకి తెస్తామంటే పెద్దలు ఉలిక్కిపడటం సహజం.

1960ల చివర కాలిఫోర్నియాలో హిప్పీ యువత గుంపులుగా క్రీస్తు వైపు మళ్లింది. దాన్ని జీసస్ మూవ్‌మెంట్ అన్నారు. వాళ్లు తమ పాత అలవాట్లలో కొన్నిటిని వదిలేశారుగానీ గిటార్లను వదల్లేదు. గాయకుడు ల్యారీ నార్మన్ 1969లో తెచ్చిన 'అపాన్ దిస్ రాక్' ఆల్బమ్‌ను తొలి క్రైస్తవ రాక్ ఆల్బమ్‌గా చాలామంది లెక్కిస్తారు. దాని పేరులోనూ ఆ మత్తయి వాక్యమే ఉంది. 1972లో డాలస్‌లో జరిగిన ఎక్స్‌ప్లో అనే క్రైస్తవ మహాసభల్లో సువార్తికుడు బిల్లీ గ్రాహం ప్రసంగించాడు, ఈ కొత్త సంగీతమూ వినిపించింది. పెట్రా మొదలైనది ఆ సంవత్సరమే.

బైబిలు శిక్షణ పొందుతున్న యువకులు కలిసి ఈ బృందాన్ని కట్టారు. గిటారిస్టు బాబ్ హార్ట్‌మన్ దాని వెన్నెముక. గ్రెగ్ హఫ్, జాన్ డిగ్రాఫ్, బిల్ గ్లోవర్ మిగతా ముగ్గురు. మొదటి ఆల్బమ్ 1974లో, రెండోది 1977లో వచ్చాయి. వాటిలో వినిపించేది అమెరికా దక్షిణాది రాక్, కొంచెం కంట్రీ ఛాయ. రెండో ఆల్బమ్‌లో ఆర్జెంట్ అనే లౌకిక బృందం 1973లో పాడిన 'గాడ్ గేవ్ రాక్ అండ్ రోల్ టు యూ' పాటను పెట్రా తన గొంతుతో పాడింది, 1984లో మళ్లీ రికార్డు చేసింది. ఆ పాట పేరులో ఉన్నదే పెట్రా వాదన: ఈ సంగీతమూ దేవుడిచ్చిన వరమే.

ఆ రెండు ఆల్బమ్‌లూ పెద్దగా అమ్ముడుపోలేదు. గ్రెగ్ ఎక్స్. వోల్జ్ ప్రధాన గాయకుడయ్యాక, 1981లో వచ్చిన 'నెవర్ సే డై'తో దశ తిరిగింది. దాని అట్ట మీద గిటార్ ఆకారంలో ఒక యుద్ధనౌక అంతరిక్షంలో సాగుతుంటుంది. లోపల 'ది కలరింగ్ సాంగ్' మాత్రం మెత్తని పాట. క్రైస్తవ రేడియో మొదట చేరదీసింది దాన్నే. 'మోర్ పవర్ టు యా' (1982), 'నాట్ ఆఫ్ దిస్ వరల్డ్' (1983), 'బీట్ ది సిస్టమ్' (1984) వరుసగా వచ్చాయి. వోల్జ్ స్వచ్ఛమైన పైస్థాయి గొంతు, హార్ట్‌మన్ గిటార్, రానురాను పెరిగిన సింథసైజర్ ధ్వని, శ్రోతలు కలిసి పాడుకునే పల్లవి, ఇవి ఆ దశకు గుర్తులు.

'నాట్ ఆఫ్ దిస్ వరల్డ్' మొదలయ్యే తీరు ఈ చర్చకంతటికీ ఒక ఉదాహరణ. మొదట మాటలు లేవు. సింథసైజర్ మీద డాక్సాలజీ అనే స్తుతికీర్తన బాణీ మెల్లగా విచ్చుకుంటుంది. ఆ బాణీ 1551 నాటి జెనీవా కీర్తనల పుస్తకంలోది, నాలుగు శతాబ్దాలుగా ప్రొటెస్టంట్ ఆరాధనలో మోగుతున్నది. పుట్టినింట పవిత్రమైన బాణీ, నిన్నగాక మొన్న పుట్టిన వాయిద్యం. వినేవాడికి ఆ స్తుతిలో తరుగు కనబడదు.

అదే కాలంలో అమెరికాలో రాక్ రికార్డులను వెనక్కి తిప్పి వింటే సాతాను సందేశాలు వినిపిస్తాయన్న భయం వ్యాపించింది. 'మోర్ పవర్ టు యా'లోని 'జూడాస్ కిస్' పాట మొదట్లో పెట్రా కావాలనే ఒక వాక్యాన్ని తలకిందులుగా పెట్టింది. రికార్డును చేత్తో వెనక్కి తిప్పితే, ప్రభువును వెతకాల్సినవాళ్లు సాతానును ఎందుకు వెతుకుతున్నారని ప్రశ్నించే మాటలు వినబడతాయి. భయంతో వెతికేవాడు తన భయాన్నే ఎదుర్కొంటాడు. అదే ఆల్బమ్‌లో రంగు అద్దాల కిటికీల చాటున లోకం బాధ చూడని సంఘాలను మందలించే పాట కూడా ఉంది. పెట్రా లోకానికే కాదు, సంఘానికీ బోధించింది.

వ్యతిరేకుల వాదాలను తేలిగ్గా తోసిపుచ్చలేం. టీవీ సువార్తికుడు జిమ్మీ స్వగ్గార్ట్ 1987లో క్రైస్తవ రాక్‌ను గొర్రె తోలు కప్పుకున్న తోడేలుగా వర్ణిస్తూ పుస్తకమే ప్రచురించాడు. ఆ కాలపు విమర్శను మూడుగా విడదీయవచ్చు. లయ శరీరాన్ని రెచ్చగొడుతుందన్నది మొదటిది. లోకాన్ని అనుకరిస్తే సంఘం తన వేరుదనం కోల్పోతుందన్నది రెండోది. వేదిక, దీపాలు, చప్పట్లు కలిస్తే మహిమ దేవునికి కాక గాయకునికి దక్కుతుందన్నది మూడోది. మొదటిదానికి 150వ కీర్తనే జవాబు: తంబుర, నాట్యం, గంభీర ధ్వనిగల తాళాలు అన్నీ అక్కడ స్తుతి సాధనాలే. రెండోదానికి పెట్రా తన సాహిత్యంతో జవాబిచ్చింది. చాలా పాటలు వాక్యాన్ని దాచకుండా నేరుగా చెబుతాయి. 'నాట్ ఆఫ్ దిస్ వరల్డ్' అన్న పేరే యోహాను సువార్త 17వ అధ్యాయంలో యేసు చేసిన ప్రార్థనను గుర్తు చేస్తుంది. మూడో ప్రమాదం మాత్రం నిజమైనది. అది గిటార్‌కే కాదు, ఆర్గన్‌కూ, గాయక బృందానికీ, ప్రసంగ వేదికకూ ఉన్నదే.

1986లో వోల్జ్ స్థానంలో జాన్ ష్లిట్ వచ్చాడు. అతడు 1970లలో హెడ్ ఈస్ట్ అనే రాక్ బృందంలో పాడినవాడు. మద్యం, కొకైన్ వ్యసనంతో ఆ బృందంలో చోటు పోగొట్టుకుని, తర్వాత విశ్వాసంలోకి వచ్చాడు. అతని గరుకు గొంతుతో, జాన్, డీనో ఎలిఫాంటే సోదరుల నిర్మాణంలో ధ్వని బరువెక్కింది. 'దిస్ మీన్స్ వార్!' (1987) ఆత్మీయ పోరాటాన్నే ఇతివృత్తంగా తీసుకుంది. 1989లో స్తుతిగీతాల ఆల్బమ్ వచ్చింది. శిష్యులు మౌనంగా ఉంటే రాళ్లే కేకలు వేస్తాయన్న లూకా సువార్త మాటను దాని ఉపశీర్షికలో మళ్లీ బండ, రాక్ అన్న రెండర్థాల మీద నిలిపారు.

1990 నాటి 'బియాండ్ బిలీఫ్'లో 'క్రీడ్' అనే పాట ఉంది. సంఘాలు తరతరాలుగా వల్లించే అపొస్తలుల విశ్వాస ప్రమాణమే దానికి ఆధారం. కుర్రవాళ్లు నిద్రమత్తులో అప్పజెప్పే మాటలు అక్కడ పిడికిలి బిగించి పాడే మాటలయ్యాయి. ఆ ఆల్బమ్‌కు గ్రామీ వచ్చింది. తర్వాత 'అన్‌సీన్ పవర్', 'వేకప్ కాల్', 'డబుల్ టేక్' ఆల్బమ్‌లకూ వచ్చాయి. 2000లో గాస్పెల్ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో పెట్రాకు చోటు దక్కింది. 2003లో వచ్చిన 'జెకిల్ అండ్ హైడ్' దాని ఆల్బమ్‌లన్నిటిలోకీ కఠోరమైనది. 2005లో బృందం వీడ్కోలు చెప్పింది. 2010లో వోల్జ్, హార్ట్‌మన్ తదితరులు పాత రూపంలో మళ్లీ కలిశారు.

పవిత్రత బాణీలోనో వాయిద్యంలోనో నిలవ ఉండదని పెట్రా ప్రయాణం చూపుతుంది. ప్రేమగీతం సిలువ కీర్తన కాగలిగినప్పుడు, రాక్ లయ మీద విశ్వాస ప్రమాణం పాడటంలో తప్పు పట్టడానికి ఆధారం కనిపించదు. అయితే ఏ రూపమూ తనంతట తాను స్తుతి కూడా కాదు. పాడేవాడు ఎవరి వైపు తిరిగి పాడుతున్నాడన్నదే తేల్చే మాట. ఆ పరీక్ష ప్రతి గాయకునికీ ప్రతి పాటలోనూ మళ్లీ ఎదురవుతుంది.