ఇంటి మఱపు

పొయ్యిమీద పాలు పెట్టి పెరటిలోనికి పోయిన యిల్లాలికి అవి పొంగి మాడువాసన వచ్చిన పిదప గాని తలపునకు రాకపోవుట, వీధితలుపునకు తాళము వేసి నాలుగిండ్లు దాటిన గృహస్థుడు వేసితినో లేదో యని వెనుకకు వచ్చి తాళము లాగి చూచుట, నుదుటిమీదికి ఎత్తుకొన్న కళ్లజోడుకై పెద్దాయన యిల్లెల్ల వెదకుట, ఇవి ప్రతి సంసారమునను నిత్యము జరుగుచుండునవే. ఇందలి నష్టము స్వల్పము: గిన్నెడు పాలు, పావుగంట కాలము. కాని దాని వెంబడి వచ్చు మాట స్వల్పమైనది కాదు. "నీకు అసలు మతి ఉందా?" అను ప్రశ్న పాలను గూర్చినది కాదు, అది మఱచినవారి బుద్ధిని, శ్రద్ధను, ఒక్కొక్కప్పుడు ప్రేమను సయితము శంకించును. కావున మఱపు దోషమా, దోషమైనచో ఎంతటి దోషము అను విచారము వంటింట పుట్టినదైనను ధర్మవిచారమే యని నా తలంపు.

నైయాయికుల మతమున అనుభవము క్షణికమైనను అది ఆత్మయందొక సంస్కారమును నిలిపిపోవును. ఆంధ్రుడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహమున, సంస్కారమాత్రమువలన పుట్టిన జ్ఞానమే స్మృతి యని లక్షణము చెప్పెను. అయితే సంస్కారమున్నంతమాత్రమున స్మృతి కలుగదు. నిద్రాణమైయున్న దానిని మేల్కొలుపు హేతువు వేఱుగా కావలయును. గౌతమమహర్షి న్యాయసూత్రముల మూడవ అధ్యాయమున అట్టి హేతువులను ఇరువదికి మించి పేర్కొనెను. మనస్సును నిలుపుట మొదటిది. పిదప అభ్యాసము, గుర్తు, పోలిక, ఆశ్రయము, ఆనంతర్యము, ఎడబాటు, విరోధము, సుఖము, దుఃఖము, భయము మున్నగునవి వరుసగా వచ్చును. శుష్కతర్కమని మనము దూరముగా నుంచిన శాస్త్రమున గృహజీవనమింత సన్నిహితముగా పరిశీలింపబడియుండుట నన్నెప్పుడును విస్మయపఱచును. ఏదో తీసికొనుటకు గదిలోనికి వచ్చి, ఎందులకు వచ్చితినో తోపక నిలిచిన మనిషి, బయలుదేఱిన చోటికే మఱల పోయి నిలువగానే విషయము స్ఫురించుట మనమెఱుగనిది కాదు. ఆ తలపు పుట్టిన తావే దానిని మేల్కొలిపినది.

మన ముసలమ్మల కొంగుముడి సంగతి చూడుడు. సంతకు పోవు మనుమనిచేత ఇంగువ తెప్పింపవలెనని తోచగానే పమిటచెంగు కొస పట్టి బిగించి ముడి వేసికొందురు. ఆ ముడియందు ఇంగువ పేరు లేదు. ఒక్క అక్షరమైనను లేదు. చేయి తుడుచుకొన్నప్పుడెల్ల, చెంగు బొడ్డున దోపుకొన్నప్పుడెల్ల ఆ గట్టితనము వ్రేళ్లకు తగిలి, పని యొకటి మిగిలియున్నదని మాత్రము తెలుపును. ఏ పనియో లోపలి సంస్కారమే చెప్పవలెను. పని తీఱిన గాని ముడి విప్పరాదనుట వారి నియమము. పాలలెక్కకై గోడమీద పెట్టిన సున్నపు బొట్లును ఈ కోవలోనివే. న్యాయసూత్రములు పేరైనను విననివారు గుర్తు చేయు పనిని ఇంత చక్కగా గ్రహించిరి. మఱచినది నశించినది కాదు, మేల్కొలుపుకై వేచియున్నది యను విశ్వాసము ఆ ముడిలోనున్నది. నేడు గోడమీది క్యాలెండరు గడిలో వ్రాసికొనువారును, ఫోనులో అలారము పెట్టుకొనువారును ఆ దారినే పోవుచున్నారు. అందు సిగ్గుపడవలసినదేమియు లేదు.

అయితే పైన చెప్పిన తాళము సంగతి వేఱు. అనుభవించిన విషయము జాఱిపోకుండుటయే స్మృతి యని పతంజలి చెప్పెను. తాళము వేయునప్పుడు చేయి తలుపుకడను, మనస్సు బస్సుస్టాండుకడను ఉన్నచో, అనుభవమే సరిగా కలుగలేదు. అనుభవము లేనిచోట సంస్కారమెక్కడిది? ఇంటిలో మనము మఱపనుకొనువానిలో పెక్కు ఇట్టివే. అష్టావధానమున ఒకవంక అప్రస్తుతప్రసంగము సాగుచుండగా, పద్యపాదము నోట నడచుచుండగా, నడుమ నడుమ మ్రోగిన గంటలెన్నియో అవధాని తుదకు చెప్పును. తిరుపతి వేంకటకవుల కాలమునుండి ఆంధ్రదేశమా ధారణను కొనియాడుచునే యున్నది. నేనధికముగా కొనియాడునది ధారణకు ముందున్న గ్రహణమును. ప్రతి గంటను అది మ్రోగిన క్షణముననే అతడు చేకొనెను. గృహస్థునకు అంతటి శక్తి యక్కఱలేదు, కాని ఆ పద్ధతి వానికిని చెల్లును. పూజకు ముందు చెప్పు సంకల్పమున కల్పమును, మన్వంతరమును, యుగమును దాటి, శ్రీశైలమునకు ఏ దిక్కున, ఏ నదుల నడుమ నున్నామో చెప్పి, సంవత్సరము, అయనము, ఋతువు, మాసము, పక్షము, తిథి, వారము ఉచ్చరించి, పిమ్మట గాని ఏ కర్మ చేయుచున్నామో చెప్పము. చెదరిన చిత్తమునకు "నీవిప్పుడిక్కడ నున్నావు, ఈ పని చేయుచున్నావు" అని చెప్పుటయే అందలి ప్రయోజనములలో నొకటి యని నేను నమ్ముదును. తలుపు మూయుటకు ముందొక్క క్షణము నిలిచి, తాళము వేయుచున్నానని మెల్లగా పైకి అనుకొనువారు ఆ సంకల్పమునే చేయుచున్నారు.

ఇట్టి జాగ్రత్త లోపించుటను మన పెద్దలు ప్రమాదమన్నారు. తైత్తిరీయోపనిషత్తున గురువు గృహస్థాశ్రమమునకు పోవు శిష్యుని మాటిమాటికి హెచ్చరించినది దానిని గూర్చియే. కాని జాగ్రత్త యున్నను మనుష్యుడు మఱచునని శాస్త్రమెఱుగును. కాలము తప్పిన సంధ్యకు ప్రాయశ్చిత్తార్ఘ్యమొకటి ఎక్కువగా విడువుమన్నదే గాని, వేళ మఱచినవాడు సంధ్యకే తగడని చెప్పలేదు. పూజ ముగిసినపుడు మంత్రలోపమును, క్రియాలోపమును, భక్తిలోపమును భగవంతునకు నివేదించి, ఆయన నామస్మరణముచేత కొఱత తీఱుగాక యని వేడుట ప్రతిదినము జరుగుచునే యున్నది. తప్పు జరిగిన దినమున మాత్రమే కాదు, ప్రతిదినమును! దేవుని యెదుట మనకింత యవకాశము దొరకుచుండగా, ఆ పూజగది దాటి వంటింటిలోనికి వచ్చి, చారులో ఉప్పు మఱచిన దానికి ఇల్లాలిపై కేకలు వేయుట ఏ ధర్మము?

స్మృతిభ్రంశమువలన బుద్ధినాశము కలుగునని గీత రెండవ అధ్యాయమున చెప్పుటను పట్టుకొని మఱపును మహాదోషముగా చెప్పువారు కలరు. ఆ శ్లోకమును మొదటినుండి చదువవలయును. అచట క్రోధమువలన సమ్మోహమును, సమ్మోహమువలన స్మృతివిభ్రమమును చెప్పబడినవి. శాస్త్రముచేతను ఆచార్యునిచేతను నేర్చినది సమయమునకు స్ఫురింపకపోవుటయే అచటి స్మృతివిభ్రమమని శంకరాచార్యులు వివరించిరి. అట్లయినచో పాలు పొంగించిన యిల్లాలు మఱచినది పాలగిన్నెను మాత్రమే. ఆమెపై కోపముతో విరుచుకుపడినవాడు మఱచినది తాను నేర్చిన సమస్తమును. గీతావాక్యము తగులునది వానికే. ఆ గీతయే పదునైదవ అధ్యాయమున స్మృతియు, జ్ఞానమును, వాని తొలగుటయు తనవలననే యని భగవంతునిచేత పలికించినది. భాష్యకారులు దానిని కర్మానుసారముగా సమన్వయించిరి. నాకు మాత్రమందు కొంత కరుణయును కానవచ్చును. ఏలయన, పదేండ్లనాటి పరుషవాక్యములెల్ల నిన్నటివలె నిలిచియున్నచో ఏ దాంపత్యమును నిలువదు.

ఇక వార్ధక్యపు మఱపు. కళ్లజోడు మఱచుట సామాన్యము. నడిచిన వీధిలోనే దారి తప్పుటయు, నిత్యము చేయు వంటలో వరుస తెలియకపోవుటయు, బిడ్డల పేర్లు జాఱుటయు రోగలక్షణములు కావచ్చును, కావున ఆలసింపక వైద్యునికి చూపవలయును. కాని వైద్యుడు చేయగలిగినది చేసిన పిదపను, అడిగినదే అడుగు తండ్రి మన యింటనే యుండును. ఛాందోగ్యమున సనత్కుమారుడు నారదునకు, స్మృతిచేతనే పుత్రులను గుర్తింతుమని చెప్పును. అంతటితో ఆగక, స్మృతికంటె ఆశ గొప్పదనియు, ఆశకంటె ప్రాణము గొప్పదనియు పైకి కొనిపోవును. ప్రాణమే తండ్రి, ప్రాణమే తల్లి యన్న ఆ ఘట్టముననే, తండ్రితోగాని తల్లితోగాని కటువుగా పలికినవానిని చూచి లోకులు పితృహంతవు, మాతృహంతవు అని ఛీకొట్టుదురని చెప్పబడినది. స్మృతి పోయిన తండ్రియందు ప్రాణమున్నది. మన గౌరవమునకు అది చాలును.

కావున చదువరులారా, "ఈ రోజు ఏ వారము నాయనా?" అని ఆయన ఈ పూటకు అయిదవమాఱు అడిగినపుడు, "ఇందాకే చెప్పాను గదా" అనకుడు. గురువారము నాన్నా, అని చెప్పుడు.