కామార్‌హాటి అవ్వ

మన పల్లెలలో నేటికిని అక్కడక్కడ కానవచ్చు దృశ్యమొకటి కలదు. ఇల్లంతయు నిద్రించుచుండగా తెల్లవారుజామున వసారాలో ఒక మూల ముసలమ్మ యొకతె కూర్చుండి తులసిపూసల మాల త్రిప్పుచుండును. ఆమెకు చదువు రాదు. ఆ జపమున కర్థమేమని ఎవ్వరును అడుగరు, ఆమెయు చెప్పబోదు. పాపము, ప్రొద్దుపోవుట కేదో చేసికొనుచున్నదని ఇంటివారు అనుకొందురు. అట్టి అవ్వలలో ఒకరి దీర్ఘజీవితమును నేడు స్మరింప బూనితిమి. ఆమె వంగదేశీయురాలు. అయినను ఆమె కథ చదువునపుడు మన ఇంటి అవ్వయే కన్నుల యెదుట నిలుచును.

ఆమె పేరు అఘోరమణీదేవి. కలకత్తాకు ఉత్తరమున గంగాతీరమందున్న కామార్‌హాటిలో సుమారు 1822లో ఒక బ్రాహ్మణ కుటుంబమున జన్మించెను. నేడా ఊరు మహానగరములో కలిసిపోయినది, ఆనాడది పల్లె. బాల్యముననే వివాహము, కాపురమునకు పోకమునుపే వైధవ్యము. భర్త వంశగురువు ఆమెకు గోపాలమంత్రము నుపదేశించెను. బిడ్డ నెన్నడును కని యెరుగని దానికి బిడ్డయే ఇష్టదైవమయ్యెను.

ఆ ఊర దత్తవంశీయుల రాధాకృష్ణాలయమున ఆమె సోదరుడు అర్చకుడు. ఆలయపు యజమానురాలు, తానును వితంతువే, ఆమెకు గంగకు అభిముఖముగా ఒక చిన్న గది నిచ్చెను. నగలమ్మిన సొమ్ముపై నెలకు వచ్చు కొలది రూపాయల వడ్డీయే జీవనాధారము. రాత్రి రెండుగంటలకు లేచి ప్రొద్దున ఎనిమిది వరకు జపము. పిదప గుడిపనులు, పూలు కోయుట, గంధము తీయుట. స్నానము, స్వయంపాకము, గోపాలునకు నివేదన. మరల రాత్రి చాల ప్రొద్దుపోవువరకు జపము. ఇట్లు ముప్పది యేండ్లకు పైగా గడచెను.

ఈ ముప్పది యేండ్లను జీవితచరిత్రకారులు రెండుమూడు వాక్యములలో ముగింతురు. వారిని తప్పుపట్ట వీలులేదు. చెప్పుటకు సంఘటన లేదు. గంగ ముప్పదిమారులు పొంగి తీసినది. ఆ గదిలో మాల తిరుగుచునే యున్నది. మెచ్చువారు లేరు, పోల్చుకొనుటకు తోటి సాధకులు లేరు. మనమో, పదిదినములు జపము చేసి, మనస్సు నిలుచుట లేదని పదకొండవనాడు గురువు నొద్దకు పరుగెత్తుదుము. ఆమెకు మనస్సు నిలిచినదో లేదో మన మెరుగము. ఆమె మాత్రము నిలిచెను.

ఆమె ఆచారము కడు కఠినమైనది. 'మడి' యన్న మాటకు తెలుగు పాఠకునకు వివరణ మక్కరలేదు; పరభాషలనుండి అనువదించువాని కిట్టి మాట దొరకుట భాగ్యము. 1884లో ఆమె దక్షిణేశ్వరమునకు పోయి శ్రీరామకృష్ణులను తొలిసారి దర్శించెను. ఆ తొలిదినములలో ఒకనాడు ఆమె అన్నపు తెడ్డు వారికి తగిలెను. ఆమె ఆ అన్నము తినలేదు. తెడ్డును గంగలో పారవేసెను. మహాత్ముడని నమ్మియే వచ్చినది. మడి మాత్రము మడియే! నవ్వు వచ్చు సంగతియే. కాని ఆ తెడ్డును పారవేసిన పట్టుదలయు, రాత్రి రెండుగంటలకు లేపిన పట్టుదలయు ఒక్కటియే గదా! ఒకదానిని మెచ్చి రెండవదానిని పరిహసించుటకు మాకు నోరాడదు.

ఆమెకు మరియొక చిక్కు వచ్చిపడెను. వెళ్ళినప్పుడెల్ల శ్రీరామకృష్ణులు తినుట కేమి తెచ్చితివని అడుగుదురు. తాను కొని తెచ్చిన చౌక మిఠాయిని చూపుటకు ఆమె సిగ్గుపడగా, వారు అడిగి తీసికొని తినిరి. కొబ్బరియుండలు చేసి తెమ్మందురు, కూరలు వండి తెమ్మందురు. ఇతడెట్టి సాధువు, తిండిమాట తప్ప మరియొక మాట లేదు, బీదరాలిని నేనెక్కడ తేగలను, ఇక రానేరాను అని ఆమె నిశ్చయించుకొనెడిది. కొంత దూరము పోవుసరికి మనస్సు వెనుకకు లాగెడిది. పసిబిడ్డ తల్లిని వేరే యేమి అడుగునో ఆలోచించు తెలివి అప్పటి కామెకు లేదు.

1885 వసంతకాలమున ఒకనాటి తెల్లవారుజామున ఆమె జపము ముగించుచుండగా శ్రీరామకృష్ణులు తన ప్రక్కన కూర్చుండినట్లు కానవచ్చెను. ఆమె చేయి పట్టుకొనగనే ఆ మూర్తి మాయమై, పదినెలల పసివాడు ప్రాకుచు వచ్చి వెన్న యడిగెను. దిక్కులేని విధవను, నాకు వెన్న యెక్కడిదని ఆమె భోరున ఏడ్చెను. పసివాడు వినలేదు. ఉట్టిపైనున్న ఎండు కొబ్బరియుండ తీసి చేతబెట్టెను. పిదప జపమునకు కూర్చున్నచో వాడు ఒడిలోనికెక్కి మాల లాగికొనెను, జపము సాగనీయలేదు. ముప్పదియేండ్ల జపమునకు లభించిన ఫలము, జపము చేయలేకపోవుట! తెల్లవారగనే జుట్టు విరబోసికొని, కొంగు నేల జీరాడ, గోపాలా గోపాలా యనుచు ఆమె దక్షిణేశ్వరమునకు పరుగెత్తెను. తెడ్డు పారవేసిన ఆమెయే ఈమె.

నాటినుండి శ్రీరామకృష్ణులు ఆమెను 'గోపాలేర్ మా' అని పిలిచిరి. గోపాలుని తల్లి యని తెనిగింపవచ్చును. అర్థము తప్పిపోదు గాని కొంత జారిపోవును. వంగదేశపు పల్లెలలో, మన పల్లెలలోవలెనే, స్త్రీని ఆమె బిడ్డపేరుతో ఫలానావాని తల్లియని పిలుతురు. ఊరిలోని ప్రతి తల్లికిని ఉన్న ఆ సామాన్యమైన పేరు ఈమె కొక్కతెకే అంతవరకు లేకుండెను.

రెండు మాసములు ఆ దర్శనము ఎడతెగక సాగి, పిమ్మట తగ్గెను. ఒకనాడు శ్రీరామకృష్ణులు ఆమె అనుభవములను నరేంద్రునకు చెప్పించిరి. అతడు యువకుడు, విద్యావంతుడు, నిరాకారవాది, తర్కమున దిట్ట. చెప్పిచెప్పి ఆమెయే అతని నడిగెను: నీవు చదువుకొన్నవాడవు, నే నేమియు తెలియనిదానను, ఇవన్నియు నిజమేనా నాయనా, అని. ఈ ప్రశ్నవద్ద మేము ప్రతిసారియు ఆగిపోవుదుము. అంత చూచినది, తన చూపును తాను పరీక్షకు పెట్టుటకు జంకలేదు. నరేంద్రుడు కన్నీటితో, అంతయు నిజమే నమ్మా యనెను.

ఆ నరేంద్రుడే వివేకానందస్వామియై పాశ్చాత్య శిష్యురాండ్రను సంపాదించెను. 1898లో వారిలో ముగ్గురు కామార్‌హాటికి పడవలో పోయి ఆమె గదిని చూచిరి. ఆమె వారిని ముద్దాడి, తన మంచముపై కూర్చుండబెట్టి, మరమరాలు, కొబ్బరియుండలు పెట్టెను. ఆ ముగ్గురిలో సోదరి నివేదిత యొకతె.

వార్ధక్యమున అవ్వ మంచము పట్టగా, బాగ్‌బజారులోని తన యింటికి తెచ్చుకొని కడవరకు చూచుకొన్నది నివేదితయే. అవ్వకు వండిపెట్టుటకు ఒక బ్రాహ్మణస్త్రీని కుదిర్చెను. ఆ తల్లి మడిని మన్నింపవలెనని ఈ కూతురికి తెలియును. ఈ కూతురి యింట నుండుటకు ఆ తల్లికి మడి అడ్డురాలేదు.

1906 జులైలో, ఆనాటి ఆచారము ననుసరించి అవ్వను గంగాతీరమునకు చేర్చిరి. నివేదిత ఆమె మంచమును పూలతో అలంకరించి, పాదరక్షలు లేకుండ ఏడ్చుచు వెంట నడచెను. జులై 8వ తేదీన, ఎనుబది నాలుగేండ్ల వయస్సున, తాను జీవితమంతయు కిటికీలోనుండి చూచిన గంగ యొడ్డున ఆమె దేహము చాలించెను.