కాలువ త్రవ్వినవానికి పంటలో భాగము కలదా?

ధవళేశ్వరమువద్ద ఆనకట్ట పని 1847లో ప్రారంభమై 1852లో ముగిసినది. నాటినుండి గోదావరి నీరు కాలువల వెంబడి మన పొలములకు పారుచున్నది. రైతు నీటితీరువ చెల్లించును; అది న్యాయమే. కాని “మా నీరు వరిగింజలో చేరినది గనుక ధాన్యముపై హక్కు మాది, దాని నెవరి కమ్మవలెనో మేమే చెప్పుదుము” అని కాలువలవారు పలికినచో మన మంగీకరింతుమా? పనిముట్టు నిచ్చినవాని హక్కు ఎంతవరకు పోవచ్చును అను ఈ ప్రశ్నయే నేడు మన బిడ్డల చదువులలోను, మన వర్తకుల లెక్కలలోను క్రొత్తరూపమున నిలిచియున్నది.

కాకినాడ, భీమవరము కళాశాలలలో మన యువతీయువకులు కంప్యూటరు భాషలు నేర్చుచున్నారు. అట్టి భాషలో వ్రాసిన ఆదేశములను యంత్రము గ్రహించునట్లు మార్చు సాధనమునకు కంపైలరని పేరు. భాష యొక్క వ్యాకరణమును ఎవరైనను నేర్వవచ్చును. కంపైలరునకు మాత్రము కర్త యుండును, అతని షరతుల పత్రమైన లైసెన్సు ఉండును. కంపైలరు మార్చియిచ్చిన ప్రోగ్రాములో ఆ కర్త వ్రాసిన భాగములును కొన్ని కలియుట కలదు. గింజలో నీరు చేరుట వంటిదే యిది. కావున భాష యెంత సొగసైనదైనను, పత్రము కఠినమైనచో వర్తకుడు దాని దరి జేరుటకు జంకును.

ఈ సంగతిని కొందరు ముందే గ్రహించిరి. బోర్లాండు సంస్థ 1983లో టర్బో పాస్కల్‌ను 49.95 డాలర్లకే అమ్మినది. తన సాధనములను పుస్తకమువలె వాడుకొనవచ్చుననియు, ఒకే ప్రతిని ఏకకాలమున రెండుచోట్ల వాడకున్న చాలుననియు ఆ సంస్థ అనంతరము షరతు వ్రాసినది. 1987లో రిచర్డ్ స్టాల్‌మన్ జి.సి.సి. అను కంపైలరును వెలువరించెను. దానిని ఎవరైనను వాడవచ్చును, మార్చవచ్చును. మార్చి పంచువాడు తన మార్పులను గూడ అదే స్వేచ్ఛతో పంచవలెను. అయినను దానితో తయారైన ప్రోగ్రాములను వర్తకుడు తన షరతులపై అమ్ముకొనునట్లు, వానిలో కలియు భాగములకు ప్రత్యేకముగా మినహాయింపు నొసగిరి. కాలువ అందరిది, పంట రైతుది అనుటయే దీని భావము.

దీనికి భిన్నమైన మార్గమును గూడ చూచితిమి. జావా భాషకు ఓరకిల్ సంస్థ 2023 జనవరిలో ప్రవేశపెట్టిన చందాలో లెక్కకు వచ్చునది జావాను వాడువారి సంఖ్య కాదు, సంస్థలోని ఉద్యోగుల మొత్తము సంఖ్య. భీమవరములో ఒక రొయ్యల వ్యాపారియొద్ద రొయ్యలు వలచువారు మూడువందలమందియు, కంప్యూటరు ముందు కూర్చుండువారు ఇద్దరును ఉన్నారనుకొందము. ఆ పద్ధతి చొప్పున చందా మూడువందల యిద్దరికిని కట్టవలెను! అదే భాషకు ఓపెన్ జె.డి.కె. అను స్వేచ్ఛాప్రతి యుండుటచే వర్తకునకు వేరుదారి గలదు. ఆ దారి లేని భాషను నమ్మినవాని గతి యేమి?

అట్లయిన సాధనకర్త పస్తుండవలెనా యని కొందరడుగుదురు. వలదు. అతని శ్రమకు మూల్యము ధర్మము. ఉచితముగా నిచ్చినవానికి తోడ్పడుటయు ధర్మమే. దొంగప్రతితో పని గడుపుకొనుట స్వేచ్ఛ కానేకాదు. అట్లు నేర్చిన బిడ్డ షరతుల పత్రమును చదువుటయే యెరుగడు. రేపు వర్తకుడై దానికే చిక్కును.

కావున సాధనము నెన్నుకొనునపుడు మూడు ప్రశ్నలు వేయుట మేలు: నేటి వెల యెంత? రేపు ఒకడే దానిని మార్చగలడా? నా పంటపై అతనికి హక్కు కలదా? భాషను నేర్పు ఉపాధ్యాయులు దాని వ్యాకరణముతోపాటు ఈ ప్రశ్నలను గూడ నేర్పవలెనని మా మనవి.