ఆసు పోయు చేయి

నిలుకడ లేక తిరుగువానిని ‘ఆసులో కండెవలె తిరుగుచున్నాడు’ అనుట మన భాషలో వాడుక. తరగతిలో నీ జాతీయమును చెప్పుచుండగా నొక బాలిక లేచి, “మాస్టారూ, ఆసంటే ఏమిటండీ?” అని యడిగినది. నిఘంటువులోని యర్థము చెప్పి కూర్చుండబెట్టితిని. చెప్పిన నాకే యది తెలియదు. తిరుగునది కండె యని యెఱుగుదును గాని, దానిని త్రిప్పు చేయి యొకటి యుండునని యెన్నడును దలపనైతిని.

ఆ చేతిని తరువాత పోచంపల్లి ప్రాంతమున జూచితిని. అర్ధచంద్రాకారముగా మేకులు గ్రుచ్చిన చట్రము. నడుమ వేఱొక మేకు. నడిమి మేకునుండి నూలు గొనిపోయి, అంచున నున్న యొక్కొక్క మేకును చుట్టించి, మరల నడిమికి దేవలెను. ముడులు కట్టి రంగులద్దుటకు ముందు పట్టునూలునకు జరుగవలసిన పని యిది. ఒక్క చీరకు చేయి సుమారు 9,000 సార్లు పోయి రావలెను. తఱచుగా నిది ఇంటి యాడువారి వంతు. సాయంకాలమునకు భుజము పట్టుకొనిపోవును. దానికి వేఱుగా లెక్క లేదు. ఇంటిపని యందురు.

ఆలేరు నివాసి చింతకింది మల్లేశము తన తల్లి పడు నీ బాధను చూడలేక 1992లో నొక యంత్రమునకు పూనుకొని, 1999 నాటికి సాధించి, దానికి తల్లి లక్ష్మి పేరే పెట్టెను. నాలుగైదు గంటల పని గంటన్నరలో ముగిసినది. 2017లో నాయనకు పద్మశ్రీ వచ్చినది. యంత్రములు కూడు తీయునని వగచు పెద్దలు (నేనును వారిలో నొకడనే) ఈ యంత్రము నెదుట నోరు మెదపజాలరు. చేతిపని పవిత్రమని వ్యాసములు వ్రాయువారు ముందుగా నొక చీరకు ఆసు పోసి, పిమ్మట కలము పట్టుట మేలు.

అయినను నా సందేహ మంతటితో దీరలేదు. పొరుగిండ్లకు కూలికి ఆసు పోసి బ్రతికిన యొక వృద్ధతో మాటాడితిని. యంత్రము వచ్చినందుకు సంతోషమే యనినది, భుజము నిమురుకొనుచు. కూలి మాట యడుగగా, అదియు నొప్పితోనే పోయినదని నవ్వినది. ఆ నవ్వునకు నాయొద్ద బదులు లేదు. దోషము యంత్రముపై మోపుటకు మనసొప్పదు. ఆమెను మఱచుటకును ఒప్పదు.

వ్యాకరణములో కర్త స్వతంత్రుడు, కరణము సాధనమాత్రము. ఆసు పోసిన నాళ్లు ఆ స్త్రీ తన యింటనే కరణమై యుండెను. యంత్రము ఆ స్థానమునుండి యామెను తప్పించినది. కర్తృస్థానమున గూర్చుండబెట్టుట యంత్రమువలన గాదు. అది ప్రభుత్వమును, గృహస్థులును జేయవలసిన పని. ప్రభుత్వపు చూపో, మగ్గముపైననే నిలిచినది. కొన్ని వస్త్రములను చేనేతకే ప్రత్యేకించిన 1985 నాటి చట్టము మగ్గమును నిర్వచించి మొదలిడినది. 22 రకములుగా నున్న యా రక్షణయు 1996లో 11కు దిగినది. పొరుగున ఆంధ్రప్రదేశమున 2019లో నారంభించిన నేతన్న నేస్తము ఏటికి 24,000 రూపాయలు ప్రకటించినది, సొంత మగ్గము గల కుటుంబమునకు. మగ్గము లేని చేతి మాట యేమి? 2019-20 చేనేత గణనలో దేశమున 35 లక్షలమందికి పైగా తేలిరి. అందు 8 లక్షలకు మించి మగ్గ మెక్కని యనుబంధ పనివారు. మొత్తముమీద నూటికి డెబ్బదిమందికి పైగా స్త్రీలే.

ఈ యేడు ఆ జాతీయమును మరల చెప్పవలసి వచ్చినది. ఈసారి చట్రమును నల్లబల్లపై గీచి, మేకులు చూపి, యంత్రము కథయంతయు జెప్పితిని. పిల్లలు సంతోషించిరి. వెనుక వరుసనుండి యొక బాలిక, “మిగిలిన ఆ మూడు గంటలు ఆవిడ ఏం చేస్తున్నదండీ?” అని యడిగినది.

నేను ఆ సంగతి కనుగొనలేదని యొప్పుకొంటిని.